తాతయ్యకు మాట పోయింది, మనవరాలు స్పీచ్ థెరపీ చదువుతానంటోంది

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. మెడిసిన్ సీటు వస్తుందన్న నమ్మకం లేదు. మా నాన్నకు 66 ఏళ్లు. రెండేళ్ల క్రితం బ్రెయిన్ స్ట్రోక్ వచ్చి మాట పడిపోయింది, అఫేజియా అన్నారు. ఇప్పుడు ఆయనకు ఏం చెప్పినా అర్థం కాదు, చిన్నపిల్లాడితో సమానం. హాంకాంగ్‌లో అఫేజియా వచ్చిన, కాంటనీస్ అనే చైనా భాష మాట్లాడేవాళ్ల ఆలోచనాశక్తికీ భాషకీ ఉన్న సంబంధం మీద పరిశోధనలు జరుగుతున్నాయని అమ్మాయి చదివింది. అప్పటినుంచి స్పీచ్ పాథాలజీ చేస్తా, హాంకాంగ్ వెళ్తా అంటోంది. బంధువులేమో న్యూరోసైన్స్, ఏఐ కలిపిన డిగ్రీకే భవిష్యత్తు ఉందంటున్నారు. రెండిటినీ పోల్చి చెప్పండి.
ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: డాక్టర్ కాలేని పిల్ల పేరు తెలియని కోర్సులో చేరితే నలుగురికీ ఏమని చెప్పుకోవాలి? నాకొచ్చే ఉత్తరాల్లో కోర్సుల పేర్లు మారతాయి గానీ అడుగున ఉండే భయం ఇదే. దానికి జవాబిస్తాను. ముందు ఇంకో మాట అడగాలి.

మీ నాన్నగారికి ఏం చెప్పినా అర్థం కాదని ఎవరు పరీక్షించి చెప్పారు? బదులు రాకపోతే అర్థం కానట్టేనని ఇంట్లో మీరే తేల్చేసుకున్నారా? కాస్త కటువుగానే అడుగుతున్నాను. రెండేళ్లుగా ఆయన ముందే ఆయన గురించి అలా మాట్లాడుతుంటే, ఆ మాటలు ఆయనకు తెలుస్తూ ఉండొచ్చన్న అనుమానం మీకు రాలేదు. మీ అమ్మాయికి వచ్చింది. ఆ పరిశోధనల మీద తన మనసు పోవడానికి కారణం అదే అయి ఉంటుంది.

అఫేజియా భాషకు వచ్చే దెబ్బ. ఆలోచన కూడా దెబ్బతిన్నదా లేదా అన్నది విడిగా చూడాలి, చూడటం కష్టం కూడా. మామూలు జ్ఞాపకశక్తి పరీక్షలో అంకెలు విని తిరిగి చెప్పమంటారు. నోరు తిరగని మనిషి అందులో తప్పితే, పోయింది జ్ఞాపకమా, మాటా? అందుకే బొమ్మల వరుసలో తప్పిపోయిన ముక్కను వేలితో చూపించడం, గీతతో గుర్తులను కలపడం, ముట్టిన దిమ్మెలను అదే వరుసలో మళ్లీ ముట్టడం లాంటివి వాడతారు. ఆక్స్‌ఫర్డ్ కాగ్నిటివ్ స్క్రీన్ అన్న పరీక్షను అఫేజియా ఉన్నవాళ్లు కూడా చేయగలిగేలా తయారుచేశారు. దానికి హాంకాంగ్ రూపం ఉంది. భాషను కొలవడానికి కాంటనీస్ అఫేజియా బ్యాటరీ అన్న పరీక్షల వరుస 1992 నుంచే ఉంది. అక్కడి రోగుల సంభాషణలను, వాళ్ల చేతి సైగలతో సహా పోగుచేసిన కాంటనీస్ అఫేజియాబ్యాంక్ గురించి పరిశోధకులు ఆంథనీ కాంగ్, శాంపో లా 2019లో ప్రచురించారు.

ఇంగ్లీషు పరీక్షను మక్కీకి మక్కీ దించితే సరిపోదా అంటారేమో. కాంటనీస్‌లో ఆరు స్వరాలు, అంటే గొంతు హెచ్చుతగ్గులు ఉన్నాయి. పలుకు అదే అయినా స్వరం మారితే అర్థం మారుతుంది. క్రియకు మన 'వచ్చాడు, వచ్చింది, వచ్చారు' లాంటి తోకలు ఉండవు. ఇంగ్లీషు రోగి క్రియ చివర తడబడే చోట కాంటనీస్ రోగికి తడబాటే ఉండదు, అతని ఇబ్బంది ఇంకెక్కడో బయటపడుతుంది.

ఇలాంటి పరిశోధనల్లో మొత్తం మీద భాష ఎక్కువ దెబ్బతిన్నవాళ్లకు ఏకాగ్రత, పనిని ప్లాన్ చేసుకోవడం లాంటి పరీక్షల్లో కూడా మార్కులు తగ్గడం కనిపిస్తుంది. అయితే ఒకదాని వల్లే రెండోది పోయిందని అనడానికి లేదు. రెండూ పక్కపక్కనే ఉన్న చోట్ల ఒకే రక్తనాళం మూసుకుపోయి ఉండొచ్చు. పైగా మనిషికీ మనిషికీ తేడా చాలా ఉంటుంది. ఇంగ్లండ్‌లో రోజ్‌మేరీ వార్లీ బృందం 2005లో ముగ్గురు రోగుల గురించి రాసింది. వాక్యంలో ఎవరు ఎవర్ని కొట్టారో పోల్చుకోలేనివాళ్లు, ఏ సంఖ్యలోంచి ఏ సంఖ్య తీసేయాలో మాత్రం తప్పకుండా చేశారు. మీ నాన్నగారు కూడా అలాంటివారేనని ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను. కాదని మీరూ చెప్పలేరు.

ఇప్పుడు న్యూరోసైన్స్, ఏఐ డిగ్రీ సంగతి. నా సందేహాలు దాచుకోను. ఇంటర్ అవగానే 'బ్రెయిన్ సైన్స్' అని పేరు పెట్టిన డిగ్రీలు బ్రోచర్‌లో బాగుంటాయి. మూడేళ్లకో నాలుగేళ్లకో పిల్ల చేతిలో పట్టా ఉంటుంది, రోగిని ముట్టుకునే హక్కు ఉండదు, సాఫ్ట్‌వేర్ కంపెనీకి కావలసినంత కోడింగూ ఉండదు. తర్వాత పీజీ, పీహెచ్‌డీ దాకా చదివించే ఓపిక ఇంట్లో ఉంటేనే ఆ దారి నిలబడుతుంది. సబ్జెక్టు మీద నాకు గౌరవమే. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ కేంద్రం ఉంది, గాంధీనగర్ ఐఐటీలో కాగ్నిటివ్ సైన్స్ పీజీ ఉంది. అక్కడికి డిగ్రీ తర్వాత వెళ్లొచ్చు. పదిహేడేళ్ల పిల్లను ముందే అందులోకి తోసేయమనేవాళ్లు ఫీజు ఎంతో చెప్తారు, ఉద్యోగం ఏమిటో చెప్పరు. మీ బంధువుల్ని ఆ రెండో ప్రశ్న అడిగి చూడండి.

స్పీచ్ పాథాలజీకి చదవాల్సిన డిగ్రీ బీఏఎస్‌ఎల్‌పీ, వినికిడి, మాట సమస్యల చికిత్స నేర్పేది. అది నాలుగేళ్లు, అందులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. చేతిలో వృత్తి ఉంటుంది. మైసూరులో 1965లో మొదలైన ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్ ఉంది, మనకు దగ్గర్లో సికింద్రాబాద్‌లో కూడా ఈ కోర్సు ఉంది. మొదట్లో జీతం తక్కువే. పని కూడా ఎక్కువగా మాట ఆలస్యమైన పిల్లలతో, వినికిడి సమస్యలతో ఉంటుంది. అఫేజియా పెద్దలు తక్కువగా వస్తారు. ఇవి అమ్మాయికి ముందే తెలియాలి.

హాంకాంగ్ ఇప్పుడు వద్దు. అక్కడ థెరపీ చేయాలంటే రోగి భాష రావాలి. కాంటనీస్ రాని విద్యార్థిని క్లినిక్‌లో ఏం చేస్తుంది? భాషకూ ఆలోచనకూ సంబంధం ఏమిటన్న ప్రశ్న మన దగ్గరే బోలెడంత మిగిలి ఉంది. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 608 మంది స్ట్రోక్ రోగులను చూసి 2016లో ప్రచురించింది. రెండు, అంతకన్నా ఎక్కువ భాషలు వచ్చినవాళ్లలో 40.5 శాతం మందికి ఆలోచనాశక్తి మామూలుగానే ఉంది, ఒకే భాష వచ్చినవాళ్లలో 19.6 శాతం మందికే. అఫేజియా మాత్రం రెండు గుంపుల్లోనూ దాదాపు సమానంగా వచ్చింది. తెలుగు, ఉర్దూ, హిందీ కలిపి మాట్లాడే ఊళ్లలో పుట్టిన పిల్లకు ఇంతకన్నా పెద్ద ప్రయోగశాల ఎక్కడ దొరుకుతుంది?

కాబట్టి బెంగ పెట్టుకోకండి. మీ అమ్మాయి దారి తప్పలేదు. మెడిసిన్ రానివాళ్లు పడిపోయే గుంట కాదిది. తను ఎందుకు చదవాలనుకుంటోందో తెలిసి అడిగే పిల్లలు నా దగ్గరికి తక్కువగా వస్తారు.

కోర్సు తేల్చే ముందు ఒక పని చేయండి. నాన్నగారిని స్పీచ్ పాథాలజిస్టుకు చూపించండి, అమ్మాయిని కూడా పక్కన కూర్చోబెట్టండి. రెండేళ్లయింది, ఇంకేం లాభం అనకండి. స్ట్రోక్ వచ్చి ఆరు నెలలు దాటినవాళ్లకు కూడా వారానికి పది గంటలకు తగ్గకుండా మూడు వారాలు థెరపీ ఇస్తే రోజువారీ మాట మెరుగుపడిందని జర్మనీ పరిశోధన 2017లో చూపించింది. భాషనూ ఆలోచననూ విడివిడిగా పరీక్షించమని అడగండి, రిపోర్టు అమ్మాయి చేత చదివించండి. ఈలోపు ఆయనతో చిన్న వాక్యాల్లో, ఎదురుగా కూర్చుని, అవును-కాదు అని తల ఊపితే సరిపోయే ప్రశ్నలు అడగండి. జవాబుకు టైమివ్వండి.

అప్లికేషన్ల తేదీలు కాలేజీల వెబ్‌సైట్లలో ఉంటాయి, అవి అమ్మాయే చూసుకుంటుంది.