తండ్రి జైలుకెళ్ళొస్తే కొడుకు సంబంధం వదులుకోవాలా?

చెల్లెలికి గుణుపురం సంబంధం వచ్చిందని, అబ్బాయి నెమ్మదస్థుడే గానీ తండ్రి దొంగతనం కేసులో శిక్ష అనుభవించి వచ్చాడని రాశారు. నేరబుద్ధి రక్తంలో వస్తుందా అని అడిగారు. నేను పర్లాకిమిడిలో ఇరవై ఎనిమిదేళ్ళు లెక్కల మాస్టారుగా చేశాను. ఈ 'రక్తం' మాట నమ్మి ఒక పిల్లాడికి అన్యాయం చేశాను కనుక జవాబు రాస్తున్నాను.

రక్తంలో ఏమీ లేదని చెప్పను. డెన్మార్క్‌లో 14,427 దత్తతల రికార్డులు పరిశీలించి అమెరికా మనస్తత్వవేత్త మెడ్నిక్ బృందం 1984లో ఫలితాలు ప్రకటించింది. కన్నవాళ్ళకూ పెంచినవాళ్ళకూ ఏ శిక్షా లేని మగపిల్లల్లో 13.5 శాతం మందికి శిక్ష పడింది. కన్నవాళ్ళకు మాత్రమే పడినచోట 20 శాతం మందికి. తేడా ఉంది, నిజమే. కానీ ఆ రెండో గుంపులోనూ నూటికి ఎనభై మందికి ఏ శిక్షా పడలేదు. మీ చెల్లెలి సంబంధం ఆ ఎనభైలోదో కాదో రక్తం చెప్పలేదు.

పుర్రె చూసి పుట్టుదొంగను పోల్చవచ్చని ఇటలీలో లాంబ్రోసో అనే వైద్యుడు 1876లో రాశాడు. 1913లో ఇంగ్లండులో గోరింగ్ అనే జైలు డాక్టరు మూడువేలమందికి పైగా ఖైదీలను కొలిచి, అలాంటి ప్రత్యేకమైన రూపమేదీ లేదని తేల్చాడు. అయినా మనదేశంలో కొన్ని కులాలు, తెగలనే నేరస్థులుగా రాసుకున్న 1871 నాటి చట్టం 1952దాకా పోలేదు.

ఇక ఆ పిల్లాడి సంగతి. ఎనిమిదో తరగతి. తండ్రి రాగితీగ దొంగతనం కేసులో జైల్లో ఉన్నాడు. క్లాసులో ఒకడి పరీక్ష ఫీజు పోయింది. నేను అందరికంటే ముందు వీడి సంచి విప్పించాను. డబ్బు పోగొట్టుకున్నవాడి అట్లాసులోనే దొరికింది. మర్నాటినుంచి వీడు బడికి రాలేదు. పాతపట్నం వైపు సైకిళ్ళెత్తే గుంటలతో తిరిగి, పదహారేళ్ళకు నిజంగానే దొరికిపోయాడు. నేరం కూడా దగ్గరివాళ్ళ దగ్గర నేర్చుకునేదేనని అమెరికా సామాజికశాస్త్రవేత్త సదర్లాండ్ 1939లో చెప్పాడు. వీడికి సైకిల్ తాళం తియ్యడం నేర్పింది తండ్రి కాదు, ఆ గుంటలు. వాళ్ళ దగ్గరికి తోలింది నేను. దొంగ అన్న ముద్ర మనిషిని ఎటు నెడుతుందో బెకర్ అనే మరో అమెరికా సామాజికశాస్త్రవేత్త 1963లోనే రాశాడు. నేను చాలా ఆలస్యంగా చదివాను. చదువుతున్నంతసేపూ ఆ సంచే కళ్ళముందు ఉంది.

తర్వాత మేనమామ వాణ్ణి పశువుల కొమ్ములతో బొమ్మలు చేసే కొమ్ముపనిలో పెట్టాడు. కొంగలు, నెమళ్ళు చెక్కడం వచ్చింది, పెళ్ళయింది. వీధిలో ఏం పోయినా చాన్నాళ్ళు ముందు వాడి తలుపే కొట్టేవారు. ఇరవై ఏళ్ళుగా ఒక్క కేసు లేదు. అమెరికాలో నేరాలు చేసిన బోస్టన్ కుర్రాళ్ళ జీవితాలను ముసలితనందాకా గమనించిన శాంప్సన్, లాబ్ అనే పరిశోధకులు కూడా స్థిరమైన పని, మంచి కాపురం దొరికినవాళ్ళు నేరం మానుకోవడం చూశారు. రిటైరయ్యాక వెళ్ళి క్షమించమన్నాను. "ఆ డబ్బు నేను తియ్యలేదని మా అమ్మకి చెప్పండి మాస్టారూ" అన్నాడు. వెళ్ళి చెప్పాను.

మీరు గుణుపురం వెళ్ళినప్పుడు అబ్బాయి పనిచేసేచోట విచారించండి, సాయంత్రాలు ఎవరితో ఉంటాడో చూడండి. తండ్రి సంగతి ఊళ్ళోవాళ్ళను కాదు, అతన్నే అడగండి. చెల్లెల్ని వెంట తీసుకెళ్ళండి, ఆ జవాబు తనే వినాలి.