కవరు నువ్వు పోస్ట్ చెయ్యకు నాన్నా

నాన్నా, నిన్న ఫోన్లో మాటల్లో మాటగా అన్నావు చూడు, ఎవరో పెద్దాయన వచ్చి నా టాక్స్ రిటర్న్ కంప్యూటర్‌లో పంపే ఈఫైల్ వద్దు బాబూ పేపర్ మీదే పంపు అన్నారు, సరే అంకుల్ నేనే ప్రింట్ తీసి పోస్ట్ చేసేస్తా అన్నాను పెద్దమ్మా అని, ఆ మాట విన్నప్పట్నుంచి నాకు మనసు మనసులో లేదు. అది నీ మంచితనం, నాకు తెల్సు. కానీ డబ్బులు తీసుకుని టాక్స్ రిటర్న్‌లు చేసిపెట్టే మన పనిలో సరిగ్గా అదే చెయ్యకూడదు. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావని కూర్చుని రాస్తున్నా, నిదానంగా చదువుకో.

ముందు రూల్ ఏంటో తెల్సుకో. 2009లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టం ప్రకారం డబ్బులు తీసుకుని రిటర్న్‌లు చేసేవాళ్లు ఈఫైలే చెయ్యాలి. 2011లో 100 రిటర్న్‌లు, అంతకన్నా ఎక్కువ చేసేవాళ్లకి మొదలుపెట్టి, 2012 నుంచి దాన్ని 11కి దించేశారు. 11 అంటే నువ్వు ఒక్కడివి చేసేవే కాదు, నువ్వు ఏ ఆఫీసులో కూర్చుంటావో ఆ ఆఫీసు మొత్తం లెక్క. నువ్వు ఈ సీజన్‌లో 60 దాకా వస్తాయన్నావు కాబట్టి నీకు డౌటే అక్కర్లేదు. అయితే ఈ రూల్ ఉన్నది మన మీద, క్లయింట్ మీద కాదు. ఆయనకి పేపర్ కావాలంటే పేపరే, ఆ హక్కు ఆయనకి ఉంది, నువ్వు కాదనలేవు. కాకపోతే పేపర్ మీద వేద్దామని అనుకోవాల్సింది ఆయన, పోస్ట్‌లో వెయ్యాల్సిందీ ఆయనే. నువ్వు పోస్ట్‌లో వేశావంటే నువ్వే పేపర్ మీద ఫైల్ చేసినట్టు లెక్క, అప్పుడు రూల్ తప్పింది నువ్వు. రేపు నువ్వు ఎన్‌రోల్డ్ ఏజెంట్ పరీక్ష, అంటే ఐఆర్ఎస్ (ఇక్కడి టాక్స్ డిపార్ట్‌మెంట్) ముందు క్లయింట్ల తరఫున మాట్లాడే లైసెన్స్ పరీక్ష, పాసయ్యాక అలాంటివాళ్ల నడవడిక రూల్స్ ఉండే సర్క్యులర్ 230 కిందకి వస్తావు, అందులో ఈఫైల్ చెయ్యాల్సింది కావాలని చెయ్యకపోవడాన్ని పరువు తక్కువ ప్రవర్తన లిస్టులో పెట్టారు. చిన్న విషయం కాదు.

నాకు ఇది ఎలా తెలిసొచ్చిందో చెప్తా. ఇక్కడ న్యూజెర్సీ ఎడిసన్‌లో నేను ఆఫీసు పెట్టిన కొత్తల్లో ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చేవారు, కొడుకు దగ్గర ఉండేవారు. పేపరే కావాలన్నారు, లెటర్ మీద సంతకం పెట్టారు, అంతా పద్ధతిగానే అయింది. ఆరోజు బయట మంచు, ఆయనకి మోకాళ్ల నొప్పులు, అమ్మా నువ్వెలాగూ పోస్టాఫీసుకి వెళ్తావుగా ఇది కూడా పడెయ్ అని అంటించేసిన కవరు నా చేతిలో పెట్టారు. పడేశా. జూన్‌లో ఆయనకి కవరు మొత్తం తిరిగొచ్చింది, భార్యాభర్తలు కలిపి వేసే జాయింట్ రిటర్న్, రెండో పేజీలో మాస్టారి భార్య సంతకం లేదు. సంతకం లేని రిటర్న్ రిటర్నే కాదు నాన్నా. మాస్టారు ఆ కవరు పట్టుకుని నా టేబుల్ దగ్గర నిలబడి, నువ్వే పంపావు కదమ్మా చూసుకోలేదా అన్నారు. ఆయన ఒక్క మాట గట్టిగా అనలేదు. నేను ఫైల్ తెరిస్తే పైనే ఆ లెటర్, "నా రిటర్న్ నేనే పంపుకుంటాను, నా ప్రిపేరర్ పంపరు" అని ఆయన సంతకంతో. ఆ కాగితాన్ని అబద్ధం చేసింది నేను. ఆ రోజు నుంచి ఎవరి కవరూ నా చేత్తో పట్టుకోలేదు, వాన రానీ మంచు రానీ.

కాబట్టి ఆ పెద్దాయనకి ఇవాళే ఫోన్ చెయ్. చేసి ముందు వినాలి, ఎందుకు వద్దంటున్నారో. మనవాళ్లు చాలామంది భయంతో వద్దంటారు. ఎవరి సోషల్ సెక్యూరిటీ నంబర్ మీదో ఎవరో దొంగ రిటర్న్ వేశారని విని ఉంటారు, అలాంటివాళ్లకి ఐపీ పిన్ గురించి చెప్పు, ఐఆర్ఎస్ ఇచ్చే 6 అంకెల నంబరు, ఏటేటా మారుతుంది, అది లేకుండా వాళ్ల నంబర్ మీద ఇంకెవరు ఈఫైల్ చేసినా రిజెక్ట్ అవుతుంది. ఇంకొందరికి తాము చూడకుండా పంపేస్తారేమో అని అనుమానం, వాళ్లకి ఈఫైల్‌కి అనుమతిచ్చే ఫారం 8879 చూపించు, దాని మీద సంతకం పెట్టేదాకా మన దగ్గర్నుంచి ఏదీ వెళ్లదని చెప్పు. పేపర్ మీద పంపితే ఆడిట్ రాదంట అనే మాట ఒకటి మనవాళ్ల గెట్‌టుగెదర్లలో తిరుగుతూ ఉంటుంది, దానికి మాత్రం నువ్వు తలూపకు. పేపర్ వెళ్లినా అక్కడ ఎవరో ఒకరు దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించాల్సిందే. ఈఫైల్‌కి రీఫండ్ మామూలుగా 21 రోజుల్లో వస్తుంది, పేపర్‌కి ఆరు వారాలు, ఇంకా పైన కూడా పట్టొచ్చు. 2020లో ఐఆర్ఎస్ ఆఫీసులు మూసేసినప్పుడు పేపర్ రిటర్న్‌లు లక్షల్లో గుట్టలు పడి మా క్లయింట్లు నెలల తరబడి ఎదురుచూశారు, అది కూడా చెప్పు.

ఇవన్నీ చెప్పాక కూడా పేపరే అంటే, అక్కడితో ఆగిపో. ఇంక బలవంతపెట్టకు. అలాగే నీకు పని తేలికని నువ్వే పేపర్ వైపు నెట్టకూడదు, అది ఇంకా పెద్ద తప్పు.

అప్పుడు లెటర్ తీసుకోవాలి. ఈఫైల్ వల్ల లాభాలు నాకు చెప్పారు, అయినా నాకు పేపరే కావాలి, నేనే పంపుకుంటా అని ఆయన సంతకం, తేదీ. జాయింట్ అయితే ఇద్దరి సంతకాలూ తీసేసుకో. ఇంగ్లీష్ రాని పెద్దవాళ్లయితే ముందు తెలుగులో చదివి వినిపించి అప్పుడు పెన్ను ఇవ్వు. ఆ లెటర్ ఐఆర్ఎస్‌కి పంపేది కాదు, మన ఫైల్‌లో ఉండాలి. ఐఆర్ఎస్‌కి వెళ్లేది ఫారం 8948, అందులో క్లయింట్ పేపర్ ఎంచుకున్నారనే గడిలో టిక్ పెట్టి రిటర్న్‌కి జత చెయ్. పోయినేడాది లెటర్ ఈ ఏడాదికి పనికిరాదు, ఏటా కొత్తది.

పోస్ట్ చేసేది ఆయనే అయినా నువ్వు చేతులు దులుపుకోకు. నేనేం చేస్తానంటే, టేబుల్ మీద అన్నీ పరిచి సంతకం పెట్టాల్సిన చోట పసుపు స్టిక్కర్ అంటించి నా ఎదురుగానే పెన్నుతో పెట్టిస్తా, కంపెనీ ఇచ్చే జీతం కాగితాలు డబ్ల్యూ-2లు ముందు పేజీకి పిన్ చేయిస్తా, రిటర్న్‌కి జతచేసే విడి ఫారాలు, అంటే షెడ్యూళ్లు, పైన కుడిమూల ఉండే సీక్వెన్స్ నంబర్ ప్రకారం పేర్పిస్తా, నా సంతకం, పీటిన్ (రిటర్న్‌లు చేసేవాళ్లకి ఐఆర్ఎస్ ఇచ్చే నంబరు) ఉన్నాయో లేదో చూసుకుంటా. అడ్రస్ స్టేట్‌ని బట్టి మారుతుంది, టాక్స్ కట్టే చెక్ ఉంటే ఒకటి లేకపోతే ఒకటి, ఏటా సరిచూసుకోవాలి. ఫెడరల్‌ది వేరే కవరు, స్టేట్‌ది వేరే కవరు. తర్వాత ఆయనతో చెప్పు, వీధిలో డబ్బాలో వెయ్యొద్దు అంకుల్, కౌంటర్ దగ్గరికెళ్లి సర్టిఫైడ్ మెయిల్ చేసి రసీదు మీద తేదీ ముద్ర వేయించుకోండి అని. ఏప్రిల్ 15 లోపు ముద్ర ఉంటే చేరడం లేటైనా టైముకి వేసినట్టే. ఆ రసీదు ఫోటో నీకు పంపమను. రీఫండ్ ఉంటే బ్యాంక్ నంబర్లు పేపర్ మీద కూడా రాయించు, 2025 సెప్టెంబర్ 30 నుంచి పేపర్ చెక్కులు తగ్గించేస్తున్నారు.

మీ టెక్సస్‌లో స్టేట్ ఇన్‌కమ్ టాక్స్ లేదు కాబట్టి సగం తలనొప్పి తప్పింది. కానీ వేరే స్టేట్‌లో పనిచేసొచ్చినవాళ్లు వస్తారు. మా న్యూజెర్సీకి ఎన్‌జే-1040-ఓ, కాలిఫోర్నియాకి ఎఫ్‌టీబీ 8454 అని ఈఫైల్ వద్దనుకుంటే నింపే వాళ్ల ఫారాలు వాళ్లకి ఉన్నాయి. న్యూయార్క్ అయితే ఈఫైలే చెయ్యాలన్న రూల్ మనకి ఉంటే క్లయింట్ వద్దన్నా కుదరదు, పెన్ను ముట్టుకోకముందే చెప్పెయ్యాలి.

ఇంకోటి, హెచ్4 వీసా మీద వచ్చిన కొత్త కోడళ్ల కేసులు నీకు బోలెడు వస్తాయి, సోషల్ నంబర్ ఉండదు, దాని బదులిచ్చే టాక్స్ నంబరు ఐటిన్ కోసం డబ్ల్యూ-7 దరఖాస్తుతో పాటు రిటర్న్ ఆస్టిన్‌కి పేపర్ మీద వెళ్తుంది. అది క్లయింట్ కోరుకున్న పేపర్ కాదు, ఈ లెటర్ అక్కడ తీసుకోకు, రెండూ కలిపెయ్యకు. ఒరిజినల్ పాస్‌పోర్ట్ పోస్ట్‌లో పంపడానికి భయపడితే ఒరిజినల్ అక్కడే చూసి సర్టిఫై చెయ్యడానికి ఐఆర్ఎస్ అనుమతి ఉన్న సర్టిఫైయింగ్ యాక్సెప్టెన్స్ ఏజెంట్ దగ్గరికి పంపు.

నేను వాడే లెటర్ రాత్రికి వాట్సాప్‌లో పెడతా, నీ పేరు, సంవత్సరం మార్చుకో. ముందైతే ఆ పెద్దాయనకి ఫోన్ చేసి, అంకుల్ నేను తొందరపడి చెప్పాను, కవరు మీరే వెయ్యాలి, కావాలంటే పోస్టాఫీసు దాకా కార్లో నేను తీసుకెళ్తా అను. తీసుకెళ్లు, పక్కన నిలబడు, కవరు మాత్రం కౌంటర్ మీద ఆయనే పెట్టాలి. అమ్మని అడిగానని చెప్పు.

మీ పెద్దమ్మ