డాక్టర్ సలహా: బరువు సంగతి తర్వాత, ముందు ఆ నిద్రమాత్ర టక్కున ఆపకండి

ప్రశ్న: నా వయసు 36. డిప్రెషన్, ఆందోళన ఉన్నాయని ఏడు నెలలుగా ఎస్సిటాలోప్రామ్ 10 మి.గ్రా. వాడుతున్నాను. మనసు కుదుటపడి మూడు నెలలైంది కానీ ఐదు కిలోలు పెరిగాను. అందుకే పది రోజుల కిందట మానేశాను. మూడో రోజు నుంచి కళ్లు తిరుగుతున్నాయి, తల పక్కకి తిప్పితే లోపల కరెంట్ కొట్టినట్టు ఉంటోంది. ఆ మందుకి బానిసనయ్యానా? బుప్రోపియాన్ అనే ఇంకో డిప్రెషన్ మందుతో బరువు పెరగదని చదివాను, ఎంత డోసుతో మొదలుపెట్టాలి? నిద్రకి రెండు వారాలకని రాసిన క్లోనాజెపామ్ 0.5 మి.గ్రా. పాత చీటీతోనే కొనుక్కుంటున్నాను, ఇప్పుడు రాత్రికి రెండు వేసుకుంటున్నా. ఈ ఆదివారం నుంచి అదీ మానేద్దామనుకుంటున్నాను.

జవాబు: అమ్మా, ఆదివారం ఆ పని చేయొద్దు. మిగతావన్నీ తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

0.5 అనగానే చిన్న అంకెలా కనిపిస్తుంది. ఇదే జాతి పాత మందు డయాజెపామ్ లెక్కలో చూస్తే అది దాదాపు 10 మి.గ్రా.తో సమానం. మీరు దానికి రెట్టింపు వేసుకుంటున్నారు, అదీ నెలల తరబడి. ఈ మందు మెదడులో గాబా అనే రసాయనం పనిని పెంచుతుంది. గాబా మెదడుకి బ్రేకు. బయటి నుంచి రోజూ బ్రేకు పడుతుంటే మెదడు తన సొంత బ్రేకుని వదులు చేసుకుంటుంది. మాత్ర టక్కున ఆపితే పట్టి ఆపేది ఏదీ ఉండదు: నిద్ర పూర్తిగా పోవడం, చేతుల వణుకు, చెమటలు, గుండెదడ, కొందరిలో ఫిట్స్.

పైగా క్లోనాజెపామ్ ఒంట్లోంచి నెమ్మదిగా పోతుంది. సగం పోవడానికే మనిషిని బట్టి 18 నుంచి 50 గంటలు. అందుకే ఆపిన మొదటి ఒకటి రెండు రోజులు బాగానే గడుస్తాయి. 'నాకేం కాలేదే' అనుకుంటారు. అసలు ఇబ్బంది ఆ తర్వాత, ఒక్కోసారి వారానికి మొదలవుతుంది. అప్పటికి మాత్ర మానిన సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తుండదు, ఎమర్జెన్సీలో డాక్టరుకి చెప్పేవాళ్లూ ఉండరు.

ఇప్పుడు మీ బుప్రోపియాన్ చూద్దాం. బరువు విషయంలో మీరు చదివింది నిజమే. అయితే ఫిట్స్ వచ్చే అవకాశాన్ని పెంచే మందు అది. మద్యం గానీ, క్లోనాజెపామ్ లాంటి మాత్రలు గానీ అకస్మాత్తుగా మానుతున్నవాళ్లకి ఇవ్వకూడదని ఆ మందు కాగితంలోనే రాసి ఉంటుంది. ఇంతకుముందు ఫిట్స్ వచ్చినవాళ్లకీ, తిండి మానేయడం, తిని కక్కేయడం లాంటి జబ్బులున్నవాళ్లకీ అంతే. ఆదివారం క్లోనాజెపామ్ ఆపి సోమవారం బుప్రోపియాన్ మొదలుపెట్టి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి. డోసు నేనిక్కడ రాయను, రాయకూడదు కూడా. ఆందోళన, నిద్రలేమి ఎక్కువగా ఉన్నవాళ్లలో అది వాటిని ఇంకా పెంచే సందర్భాలూ ఉన్నాయి.

తల తిరగడం, కరెంట్ కొట్టినట్టు ఉండటం చాలావరకు ఎస్సిటాలోప్రామ్ హఠాత్తుగా మానినందువల్లే అయ్యుండాలి. చూడకుండా కచ్చితంగా చెప్పలేను. చెవి సమస్య, రక్తహీనత, బీపీ తగ్గడం కూడా పరీక్షించి పక్కన పెట్టాల్సినవే. దీన్ని బానిసత్వం అనరు. ఇంకా ఇంకా కావాలన్న యావ, డోసు పెంచుకుంటూ పోవడం ఈ మందులో ఉండదు. (ఒకటి నుంచి రెండుకి పెరిగిన మాత్ర ఏదో మీరే గమనించండి.) అయినా శరీరం అలవాటుపడిన మందుని నెమ్మదిగానే తగ్గించాలి. ఈ లక్షణాలు ఆపిన రెండు నుంచి నాలుగు రోజుల్లో మొదలై చాలామందిలో ఒకటి రెండు వారాల్లో సర్దుకుంటాయి, కొందరిలో ఇంకా ఎక్కువ కాలం ఉంటాయి. జబ్బు తిరగబెడితే తీరు వేరు: వారాల మీద మెల్లగా వస్తుంది, కరెంట్ షాకులుండవు, పాత దిగులు, నిరాసక్తత, తెల్లవారుజామున మెలకువ మళ్లీ కనిపిస్తాయి. రోజుకి రెండు ముక్కలు రాసి పెట్టుకోండి, ఏది ఎప్పుడు మొదలైందో తెలిస్తే సగం పని అయినట్టే.

ఇంకో మాట. తొలిసారి డిప్రెషన్ వచ్చినవాళ్లు కూడా బాగైన తర్వాత కనీసం ఆరు నెలలు అదే డోసులో కొనసాగాలి. మీకు బాగై మూడే నెలలు. అంటే మధ్యలో దిగిపోయారు. మళ్లీ మొదలుపెట్టాలా, 5తోనా 10తోనా అన్నది మీ డాక్టరు ఒకటి రెండు రోజుల్లోనే తేల్చాలి. అల్మారాలో మిగిలిన మాత్రలు తీసి మీరే తేల్చకండి. రోజు విడిచి రోజు వేసుకోమని ఎవరైనా చెబితే వినకండి, ఒంట్లో మందు పైకీ కిందికీ ఊగి ఈ తలతిప్పుడే మళ్లీ మళ్లీ వస్తుంది.

క్లోనాజెపామ్ తగ్గించే పద్ధతి మామూలుగా ఇలా ఉంటుంది. ముందు ఎస్సిటాలోప్రామ్ గొడవ సద్దుమణగాలి, రెండు మందులు ఒకేసారి కదిలిస్తే ఏది దేనివల్లో ఎవరికీ అంతుచిక్కదు. ఆ తర్వాత రెండు నుంచి నాలుగు వారాలకోసారి, ఉన్న డోసులో పదో వంతుకి అటూ ఇటూగా కోత. మీ 1 మి.గ్రా.లో మొదటి మెట్టు 0.125, అంటే 0.25 మాత్రలో సగం. మాత్ర కోసే చిన్న డబ్బీ వాడండి. చాకుతో కోస్తే ముక్కలు సమానంగా రావు, నోట్లో కరిగే రకమైతే పొడైపోతుంది. ఏ మెట్టులోనైనా వణుకు, నిద్రలేమి మరీ ఎక్కువైతే అక్కడే కొన్నాళ్లు ఆగుతాం, వెనక్కి మాత్రం పెంచం. చివరి 0.25 దగ్గరే ఎక్కువమంది తడబడతారు, 'ఇంతేగా' అని ఒక్కసారే వదిలేసి. మొత్తం కొన్ని నెలల పని. ఈలోగా మద్యం వద్దు. నొప్పికి ట్రమడాల్, మత్తు వచ్చే దగ్గు సిరప్పు అడక్కుండా తాగొద్దు. తల తిరుగుతున్నంత కాలం బండి నడపొద్దు.

కోప్పడుతున్నాననుకోకండి. రెండు వారాలకని రాసిన చీటీతో నెలల తరబడి కొనడమే ఇక్కడ అసలు జబ్బు. ఆ చీటీ రాసిన రోజున మీకు ఎస్సిటాలోప్రామ్ ఇంకా పట్టలేదు, అది పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఆలోపు నిద్ర పట్టించడానికే క్లోనాజెపామ్ రాశారు. దాని పని మూడో వారంలోనే అయిపోయింది. ఒక మాత్ర రెండు అయినప్పుడైనా డాక్టరు దగ్గరికి వెళ్లి ఉండాల్సింది. ఆ పెరగడమే, ఈ మాత్రకి నిద్ర లొంగడం లేదన్న సూచన.

బరువు. డిప్రెషన్లో ఎంత తగ్గారో రాయలేదు. తిండి సహించక నాలుగు కిలోలు తగ్గిన మనిషి కోలుకుని ఐదు పెరిగితే మందు ఖాతాలో పడేది ఒక్కటే. జబ్బుకి ముందు బరువు చెప్పండి. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), షుగరు చూపించుకోండి, నెల తప్పి ఉంటే గర్భ పరీక్ష కూడా. అవన్నీ సరిగ్గా ఉంటే మందు మార్చే మాట మీ డాక్టరుతో నిస్సంకోచంగా ఎత్తండి. అప్పుడు ఇంకోటి కూడా తప్పక చెప్పాలి: ఎప్పుడైనా నాలుగైదు రోజులు నిద్ర తక్కువైనా అలసట లేకుండా, మామూలు కంటే ఎక్కువ మాట్లాడుతూ, ఖర్చులు చేస్తూ గడిపారా? అవునంటే మందుల ఎంపికే మారిపోతుంది.

ఫిట్స్, స్పృహ తప్పడం, లేనివి కనిపించడం, బతకాలని లేదన్న ఆలోచన, వీటిలో ఏది వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా అప్పటికప్పుడు ఎమర్జెన్సీకి వెళ్లండి, ఒక్కరే వెళ్లకండి. ఇవాళ ఇంటికెళ్లగానే క్లోనాజెపామ్ స్ట్రిప్పులో ఎన్ని మిగిలాయో లెక్కపెట్టండి. అపాయింట్‌మెంట్ రోజు దాకా సరిపోకపోతే ఆ సంగతి ఫోన్లోనే ముందుగా చెప్పి త్వరగా పిలవమనండి. పాత చీటీ, ఖాళీ స్ట్రిప్పులు రెండూ వెంట తీసుకెళ్లండి.