ఆమ్ల లవణం అంటే ఆమ్లగుణం ఉన్న లవణమేనా?

మీరు అడిగినవి రెండు: ఆమ్ల లవణం అంటే ఆమ్లంలా పనిచేసే లవణమా, సోడియం బైకార్బనేట్ (మన వంటసోడా) పేరులో ఆ ‘బై’ ఎందుకు. రెండు చోట్లా నేను బోల్తా పడ్డవాడినే.

చదువుకునే రోజుల్లో ల్యాబ్‌లో బైకార్బనేట్ ద్రావణంలో ఎర్ర లిట్మస్ కాగితం ముంచితే మెల్లగా నీలమైంది, అంటే క్షారమన్నమాట. అది ఆమ్ల లవణమని అప్పటికే బట్టీపట్టి ఉన్నాను కాబట్టి సీసా మారిందనుకున్నాను. కొత్తగా కలిపి చూశాను, మళ్ళీ నీలమే. అయినా రికార్డులో ‘నీలి లిట్మస్ ఎర్రబడింది’ అని రాసేసి, వైవాలో దొరికిపోయాను.

ఆ పేరు లవణం ఎలా పుట్టిందో చెబుతుంది, ఎలా ప్రవర్తిస్తుందో కాదు. ఆమ్లంలో లోహానికి చోటివ్వగల హైడ్రోజన్లు ఒకటికి మించి ఉండి, వాటిలో కొన్నే పోయి మిగతావి ఉండిపోతే అది ఆమ్ల లవణం. అన్నీ పోతే సాధారణ లవణం. మిగిలిన హైడ్రోజన్‌ను అది ఎంత తేలిగ్గా వదులుతుందన్నది వేరే సంగతి. సల్ఫ్యూరిక్ ఆమ్లం నుంచి వచ్చే బైసల్ఫేట్ చటుక్కున వదిలేస్తుంది, ద్రావణం గట్టి ఆమ్లమే. బైకార్బనేట్ వదలకపోగా నీటి దగ్గర ఇంకోటి లాక్కుంటుంది, అందుకే పీహెచ్ దాదాపు 8.3 (7 దాటితే క్షారం).

ఆ వైవా తర్వాత మా మేడమ్ ఈ రెండు ద్రావణాలనూ ఒకే పరీక్షనాళికలో పోయించారు. బుస్సున పొంగింది! రెండూ ఆమ్ల లవణాలే, కానీ ఒకటి ఆమ్లంలా, ఇంకోటి క్షారంలా పనిచేసి కార్బన్ డయాక్సైడ్ బయటికొచ్చింది. నా చెయ్యి కూడా తడిసింది.

ఇక ‘బై’ సంగతి. బైకార్బనేట్‌లో రెండు కార్బనేట్లు లేవు, లోహంతో పోల్చి లెక్కేయాలి. రెండు సోడియంలకు సోడియం కార్బనేట్‌లో ఒక కార్బనేట్ ఉంటే, బైకార్బనేట్‌లో రెండున్నాయి. 1808లో ఇంగ్లండ్ శాస్త్రజ్ఞుడు విలియం హైడ్ వోలాస్టన్ పొటాషియం లవణాలతో ఇదే చూపించాడు: ఒకే మోతాదు పొటాష్‌కు (పొటాషియం క్షారానికి) కార్బనేట్‌లో కన్నా బైకార్బనేట్‌లో కార్బన్ డయాక్సైడ్ వాయువు సరిగ్గా రెట్టింపు. అప్పటి లెక్కకు హైడ్రోజన్‌తో పనే లేదు. ఇప్పుడు హైడ్రోజన్ కార్బనేట్ అనడమే పద్ధతి, నాకూ అదే నచ్చుతుంది. కాకపోతే సీసాల మీద పాత పేరు పోయేలా లేదు.

ఒక్క జాగ్రత్త. ఫార్ములాలో హైడ్రోజన్ కనబడగానే ఆమ్ల లవణమని రాసెయ్యకండి. సోడియం ఎసిటేట్‌లో మూడు హైడ్రోజన్లున్నా అవి కార్బన్‌కు అతుక్కున్నవి, లోహానికి చోటివ్వవు. ఫాస్ఫరస్ ఆమ్లం ఇంకా మోసం చేస్తుంది. మూడు హైడ్రోజన్లలో ఒకటి నేరుగా ఫాస్ఫరస్‌కే కట్టుబడి ఉంటుంది కాబట్టి రెండు సోడియంలు చేరేసరికే అది సాధారణ లవణం. ఫార్ములాలో ఇంకో హైడ్రోజన్ కనిపిస్తూనే ఉంటుంది, మార్కులు పోయేది అక్కడే.