దాణాలో నూనె కలిపితే గేదె గడ్డి ఎందుకు వదిలేస్తోంది?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది ప్రకాశం జిల్లా. మా ముర్రా గేదె ఈని 40 రోజులైంది, పూటకు 5 లీటర్లు ఇస్తోంది. పాలు చిక్కబడతాయని పక్కింటివారు చెబితే రోజూ దాణాలో పావు లీటరు వేరుశనగ నూనె కలుపుతున్నాం. దాణా 4 కిలోల తవుడు, 2 కిలోల పత్తిచెక్క. పది రోజులకే పేడ జారుడుగా పడుతోంది, వరిగడ్డి వదిలేస్తోంది, పాల కేంద్రంలో వెన్న 7 నుంచి 5.5 శాతానికి దిగింది. ఏం చేయాలి?

జవాబు: నూనెను ఈ పూట నుంచే ఆపేయండి. వరిగడ్డిలోని పీచును అరిగించేది నిజానికి గేదె కాదు, దాని పెద్ద పొట్టలో ఉండే సూక్ష్మజీవులు. విడి నూనె గడ్డి పోచలకు పూతలా అంటుకుని ఆ సూక్ష్మజీవులను పీచు దగ్గరకు చేరనివ్వదు. పైగా వేరుశనగ నూనెలో ఎక్కువగా ఉండే అసంతృప్త కొవ్వు ఆమ్లాలు ఆ సూక్ష్మజీవులకే హాని చేస్తాయి. పీచు అరగనప్పుడు పొట్ట త్వరగా ఖాళీ కాదు, గేదె గడ్డి ముట్టదు, వెన్నకు ముడిసరుకైన అసిటిక్ ఆమ్లమూ తగ్గుతుంది. దీనికి తోడు, పొట్టలో నూనె మార్పు చెందేటప్పుడు పుట్టే కొన్ని ట్రాన్స్ కొవ్వులు రక్తం ద్వారా పొదుగుకు చేరి అక్కడ వెన్న తయారీని అణచివేస్తాయి. వెన్న కోసం పోసిన నూనే వెన్నను తగ్గించడానికి కారణం ఇదే.

మీ లెక్క ఒకసారి చూడండి. మీ గేదె తినే మేతలో తేమ తీసేస్తే రోజుకు సుమారు 12 కిలోలు ఉంటుందనుకుందాం. అందులో కొవ్వు మొత్తం 6 శాతం, అంటే 720 గ్రాములు దాటకూడదు. నూనె తీయని తవుడులో సుమారు 15 శాతం నూనె ఉంటుంది కనుక 4 కిలోలకే 600 గ్రాములు, పత్తిచెక్క నుంచి మరో వంద గ్రాములకు పైనే వస్తుంది. అంటే మీరు సీసా మూత తీయకముందే గేదె హద్దు మీద ఉంది. చాలామంది రైతులు తవుడును నూనెగా లెక్కపెట్టరు, నా దగ్గరకు వచ్చే ఇలాంటి కేసుల్లో ఎక్కువగా కనిపించే పొరపాటు అదే.

నాలుగైదు రోజులు దాణా సగానికి తగ్గించి, ఎండు వరిగడ్డిని తరిగి ఎప్పుడూ అందుబాటులో ఉంచండి. తర్వాత తవుడులో సగం వరకు నూనె తీసిన తవుడుకు మార్చండి. పేడను కాలితో నొక్కి చూడండి, పొడవాటి గడ్డి ముక్కలు అలాగే కనిపిస్తే అరుగుదల ఇంకా కుదరలేదన్నమాట. నెమరు ముద్దకు 50 నుంచి 60 సార్లు నమిలితే దారిలో పడినట్టే.

పాలిచ్చే గేదెకు అదనపు శక్తి అవసరమన్న మీ ఆలోచన తప్పు కాదు. అందుకు బైపాస్ ఫ్యాట్ ఉంది. కాల్షియం లవణంగా మార్చిన ఈ కొవ్వు పెద్ద పొట్టలో కరగకుండా దాటి, ఆమ్లం ఉండే నాలుగో గదిలో విడిపోతుంది. గేదె పూర్తిగా తేరుకున్నాక, మీ పశువైద్యుని సలహాతో రోజుకు 100 నుంచి 150 గ్రాములు చాలు.

నెమరు పూర్తిగా ఆగినా, జ్వరం ఉన్నా, ఒక రోజు మేత ముట్టకపోయినా ఆలస్యం చేయకుండా పశువైద్య సహాయ నంబరు 1962కు ఫోన్ చేయండి. ఈలోగా గొట్టంతో నూనె గానీ మందు గానీ తాగించకండి, తల పైకెత్తి నాలుక లాగి పట్టుకుంటే అది ఊపిరితిత్తుల్లోకి వెళ్లి ప్రాణం మీదికి వస్తుంది.