టచ్ కంట్రోలర్‌ను ప్యూర్ డేటాకు కలపడం

ప్రశ్న: నా దగ్గర యూఎస్‌బీ టచ్ స్ట్రిప్ కంట్రోలర్ ఉంది. కంప్యూటర్‌కు పెడితే లైటు వెలుగుతోంది గానీ ప్యూర్ డేటాలో (తెరమీద పెట్టెలను తీగలతో కలిపి ధ్వని తయారుచేసే సాఫ్ట్‌వేర్) ఒక్క అంకె కూడా కదలడం లేదు. వేరే కంప్యూటర్‌లో అంకెలు వచ్చాయి, కానీ వాల్యూమ్ మారుస్తుంటే చిటపట శబ్దం. ఎలా సరిచేయాలి?

జవాబు: లైటు వెలిగిందంటే కరెంటు అందిందనే అర్థం, అంతే. ఆ పరికరం మిడీగా (సంగీత పరికరాల సందేశాల పద్ధతి) కనిపిస్తోందా, జాయ్‌స్టిక్‌లాగా హిడ్‌గానా (కీబోర్డు, మౌస్ వంటివాటి పద్ధతి), సీరియల్ పోర్టుగానా అన్నది ముందు తేల్చుకోండి. తంటా చాలావరకు ఇక్కడే ఉంటుంది. సీరియల్ అయితే ప్యూర్ డేటా మెనూలోని ఫైండ్ ఎక్స్‌టర్నల్స్‌లో కామ్‌పోర్ట్ అనే ఎక్స్‌టర్నల్‌ను (విడిగా చేర్చుకునే అదనపు ఆబ్జెక్టు, అంటే పెట్టె) వెతికి పెట్టుకోండి. బాడ్ రేటు (డేటా పంపే వేగం) పరికరంలోనూ కామ్‌పోర్ట్‌లోనూ ఒకటే ఉండాలి. హిడ్ అయితే దానికీ ఎక్స్‌టర్నల్ కావాలి, మిడీ ఆబ్జెక్టులకు అది వినబడదు.

మిడీ అయితే ప్యూర్ డేటా తెరవకముందే కేబుల్ పెట్టండి. తర్వాత పెడితే జాబితాలో పేరు రాకపోవచ్చు. మీడియా మెనూ, మిడీ సెట్టింగ్స్‌లో దాన్ని ఇన్‌పుట్‌గా ఎంచుకోండి. విండోస్‌లో మరో సంగీత సాఫ్ట్‌వేర్ అదే పోర్టును పట్టుకుని ఉంటే దాన్ని మూసేయండి. లినక్స్‌లో ఆల్సా (అక్కడి ధ్వని వ్యవస్థ) మిడీ వాడితే పోర్టులను ఏకనెక్ట్ వంటి పనిముట్టుతో మీరే కలపాలి.

ఇప్పుడు అంకెలేవీ ఇవ్వకుండా సీటీఎల్‌ఇన్ (కంట్రోలర్ సందేశాలు అందుకునే ఆబ్జెక్టు) పెట్టి, దాని కింది మూడు అవుట్‌లెట్లకూ నంబర్ బాక్సులు తగిలించండి. ఎడమ నుంచి విలువ, కంట్రోలర్ నంబరు, చానల్ వస్తాయి. ఏదీ కదలకపోతే బెండ్‌ఇన్ చూడండి, కొన్ని స్ట్రిప్‌లు పిచ్‌బెండే (స్వరాన్ని పైకీ కిందికీ వంచే సందేశం) పంపుతాయి. అందులో విలువ 0 నుంచి 16383 వరకు, మధ్య 8192.

చిటపటకు కారణం, మామూలు కంట్రోలర్ సందేశంలో ఉండేవి 128 మెట్లే. ఒక్కో మెట్టుకూ వాల్యూమ్ ఒక్కసారిగా గెంతుతుంది. విలువను 127తో భాగించి, ప్యాక్ ఎఫ్ 20 గుండా లైన్ టిల్డాకు (line~, విలువను మెల్లగా మార్చేది), అక్కడి నుంచి గుణకార టిల్డా (*~, ధ్వనిని గుణించేది) కుడి ఇన్‌లెట్‌కు పంపండి. 20 మిల్లీసెకన్లు చాలకపోతే 50 పెట్టండి. అంతకు మించితే శబ్దం వేలి కదలిక కంటే వెనకబడుతుంది.

వేలెత్తగానే ధ్వని ఠక్కున ఆగిపోతోందా? అయితే స్ట్రిప్ 0 పంపుతున్నట్టే. విలువను సెలెక్ట్ 0 (సున్నాను వేరుచేసే ఆబ్జెక్టు) లోకి ఇచ్చి, కుడి అవుట్‌లెట్ నుంచి వచ్చేదాన్నే వాడండి. అప్పుడు కనిష్ఠం 1 అవుతుంది కాబట్టి, ముందు 1 తీసేసి 126తో భాగించండి. లేకపోతే స్ట్రిప్ అడుగుకు జారినా పూర్తి నిశ్శబ్దం రాదు.