టెక్ సందేహాలు: 30 వేలు కట్టేముందు ఒక్క పేజీ రాసి చూడండి

ప్రశ్న: బీకామ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. మాది గాజువాక. నాన్నకి ఆటోనగర్‌లో మోటార్ వైండింగ్ షాపు ఉంది. వెబ్‌సైట్లు చేయడం నేర్చుకుని, ముందు నాన్న షాపుకే ఒకటి చేయాలని ఉంది. ద్వారకానగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో అడిగితే మూడు నెలలకు 30 వేలు అన్నారు. ఇంట్లో 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ ఉంది. ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఆన్‌లైన్‌లో ఉచితంగా నేర్చుకోవచ్చా? వెతికితే వందల వీడియోలు వస్తున్నాయి. ఏది పట్టుకోవాలో తెలియడం లేదు.

జవాబు: నేర్చుకోవచ్చమ్మా. ఆ 30 వేలు ఇప్పుడే కట్టకండి. పక్కన కూర్చుని తప్పు చూపించే మనిషి దొరికితే మంచిదే, కాదనను. కానీ మొదటి రెండు నెలల పాఠం ఎవరు చెప్పినా ఒకటే, అది ఎంతో శ్రద్ధగా రాసి ఉచితంగా పెట్టి ఉంది. ఈ పని మీకు నచ్చుతుందో లేదో తెలియకముందే అంత సొమ్ము ఎందుకు?

మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది నాన్న షాపు మాట. చాలామంది పాఠాల మీద పాఠాలు చూస్తూ పోతారు, చేయడానికి సొంత పని ఒకటి ఉండదు. మీకు ఉంది. ఈ రాత్రే ఒక కాగితం మీద రాయండి: షాపు పేరు, ఏమేం బాగుచేస్తారు (సబ్‌మెర్సిబుల్ మోటార్లు, గ్రైండర్లు, ఫ్యాన్లు), ఏ వేళకు తెరుస్తారు, ఫోన్ నంబరు, ఆటోనగర్‌లో ఏ గుర్తు దగ్గర. ఆ కాగితమే మీ సిలబస్. దాన్ని పేజీగా మార్చడానికి ఏది అవసరమైతే అది నేర్చుకుంటూ పోండి.

షాపు బోర్డును తలచుకోండి. ఇది పేరు, ఇది చిరునామా, ఇది నంబరు అని బ్రౌజర్‌కి చెప్పేది హెచ్‌టీఎంఎల్. ఏ అక్షరం ఎంత పెద్దది, ఏ రంగు అని చెప్పేది సీఎస్‌ఎస్. నొక్కితే ఏం జరగాలో చెప్పేది జావాస్క్రిప్ట్. షాపు పేజీకి మొదటి రెండూ చాలు. మూడోది తర్వాత చూసుకోవచ్చు.

చదువుకోవడానికి నేను చెప్పేది ఫ్రీకోడ్‌క్యాంప్. 2014లో మొదలైన, లాభాపేక్ష లేని సంస్థ. అందులో రెస్పాన్సివ్ వెబ్ డిజైన్ (ఏ తెరకైనా సరిపోయేలా పేజీ చేయడం) కోర్సు తీసుకోండి. పాఠం, మీరు రాసే చోటు, ఫలితం ఒకే తెరమీద ఉంటాయి. తప్పు రాస్తే అక్కడికక్కడే చెబుతుంది. బ్రౌజర్‌లోనే నడుస్తుంది కాబట్టి మీ పాత ల్యాప్‌టాప్ సరిపోతుంది. ఇంగ్లిష్ చిన్న చిన్న వాక్యాల్లో ఉంటుంది. వారం రోజులు తడుముకుంటారు, తర్వాత అవే మాటలు మళ్లీ మళ్లీ వస్తాయి.

చెవికి తెలుగు కావాలనిపిస్తే ఐఐటీ బొంబాయి వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్ చూడండి. చిన్న వీడియోలు, భారతీయ భాషల్లో డబ్బింగ్ చేస్తారు, కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. తెరలో ఒక సగం వీడియో, ఇంకో సగంలో మీ పని, రెండూ పక్కపక్కనే పెట్టుకుని చేసేలా తయారుచేశారు.

సందేహం వస్తే తెరవాల్సింది ఎమ్‌డీఎన్. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లా నడిపే సైటు. హెచ్‌టీఎంఎల్‌లో ఇది పేరు, ఇది ఫొటో అని చెప్పే ప్రతి గుర్తు (ట్యాగ్) గురించీ, ప్రతి సీఎస్‌ఎస్ మాట గురించీ నమ్మదగిన వివరం అక్కడ ఉంటుంది. అనుభవం ఉన్నవాళ్లూ రోజూ దాన్నే తెరుస్తారు. డబ్ల్యూ3స్కూల్స్ మరింత తేలిక, గబుక్కున ఒక ఉదాహరణ చూసుకోవడానికి బాగుంటుంది. పేరు చూసి వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సీ సంస్థదే అనుకుంటారు. రెండింటికీ సంబంధం లేదు. హార్వర్డ్ సీఎస్50, ఓడిన్ ప్రాజెక్ట్ లాంటి గొప్ప ఉచిత కోర్సులు ఉన్నాయి, ఇప్పుడు వాటి జోలికి పోకండి.

రాయడానికి నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ చాలు, ఉచితం, తేలిక. కోడ్ రాసే మరో ప్రోగ్రాం వీఎస్ కోడ్ కూడా మంచిదే, కానీ 4 జీబీలో దాంతోపాటు బ్రౌజర్‌లో పది ట్యాబ్‌లు తెరిస్తే ల్యాప్‌టాప్ మొరాయిస్తుంది.

పేజీ తయారయ్యాక అందరికీ కనబడేలా నెట్‌లో ఉంచే గిట్‌హబ్ పేజెస్ అనే సేవలో పెట్టండి. డబ్బు అక్కర్లేదు. అక్కడ కొత్తవాళ్లందరూ పడే గుంట ఒకటుంది. ఫొటో ఫైలు పేరులో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు కలిసిపోయినా మీ విండోస్ పట్టించుకోదు. గిట్‌హబ్‌లో మాత్రం Shop, shop రెండు వేర్వేరు పేర్లు. ఇంట్లో చక్కగా కనబడిన ఫొటో నెట్‌లో మాయమవుతుంది, రాత్రంతా కోడ్‌లో తప్పు వెతుక్కుంటారు. ఫైళ్లకు మొదటి నుంచీ అన్నీ చిన్నక్షరాలతో, ఖాళీలు లేకుండా పేరు పెట్టండి. ఇంకో మాట: వ్యాపార సైట్లు నడపడానికి గిట్‌హబ్ పేజెస్ కాదని వాళ్ల నిబంధనల్లోనే ఉంది. నేర్చుకోవడం అక్కడ కానివ్వండి. షాపు పేజీ ఖాయమయ్యాక అలాంటిదే మరో సేవ క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్‌కి మార్చుకోవచ్చు, దానిలోనూ ఉచిత పథకం ఉంది.

మోటార్ కాలిపోయినవాడు మీ పేజీని చూసేది ఫోన్‌లోనే. కాబట్టి మూడు పనులు మరచిపోవద్దు. పేజీ కోడ్ తలభాగంలో, పేజీని ఫోన్ తెర వెడల్పుకు సర్దే వ్యూపోర్ట్ లైను ఉండాలి, లేకపోతే అక్షరాలు చీమల్లా కనబడతాయి. నంబరును టెల్ లింకుగా రాస్తే దాన్ని నొక్కగానే ఫోన్ డయలర్ తెరుచుకుంటుంది. ఫోన్‌తో తీసిన ఒక్కో ఫొటో నాలుగైదు ఎంబీలు ఉంటుంది. స్క్వూష్ అనే ఉచిత సైటులో వెడల్పు 1200 పిక్సెళ్లకు తగ్గించి, వెబ్‌పీ అనే, తక్కువ చోటు పట్టే ఫొటో రూపంలో దాచుకుంటే చాలావరకు 200 కేబీ దాటదు.

పేజీతో పాటు గూగుల్ మ్యాప్స్‌లో నాన్నగారి షాపు వివరాలు నమోదు చేయండి. ఖర్చు లేదు. నిజం చెప్పాలంటే మొదట్లో గిరాకీ తెచ్చేది అదే, మీ పేజీ దానికి తోడు.

ప్రశ్న: నేను విశ్రాంత తెలుగు లెక్చరర్‌ని, ఎంవీపీ కాలనీలో ఉంటాను. ఉత్తరాంధ్ర పల్లెల మాటలు ఏళ్ల తరబడి సేకరించి, అప్పట్లో డాబాగార్డెన్స్‌లో ఒక డీటీపీ షాపులో టైపు చేయించి సీడీలో దాచాను. ఇప్పుడు మనవడి సాయంతో వెబ్‌సైట్‌లో పెడితే తెలుగుకు బదులు పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలు వస్తున్నాయి.

జవాబు: మాస్టారూ, తప్పు మీ మనవడిది కాదు. ఆ ఫైలు డీటీపీ షాపుల్లో వాడే ‘అను’ అనే తెలుగు ఫాంట్లలో టైపు చేసినదై ఉంటుంది. లోపల దాచినవి ఇంగ్లిష్ అక్షరాల సంకేతాలే, వాటికి అను ఫాంటు తెలుగు బొమ్మలు తొడుగుతుంది. పుస్తకాల పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో, ప్రింటులో ఇబ్బంది లేదు. నెట్‌లో ఆ ఫాంటు ఉండదు కాబట్టి తొడుగు ఊడిపోతుంది. యూనికోడ్ అంటే ప్రతి భాషలోని ప్రతి అక్షరానికీ సొంత సంకేతం ఇచ్చే పద్ధతి. అందులో ‘అ’ అంటే ఏ ఫోన్‌లోనైనా ‘అ’ యే.

అను నుంచి యూనికోడ్‌కి మార్చే ఉచిత కన్వర్టర్లు నెట్‌లో ఉన్నాయి. కొంచెం కొంచెంగా పేస్ట్ చేసి మార్చండి. తర్వాత ప్రతి పేజీని మీరే చదవాలి. వత్తులు స్థానం మారతాయి, కొన్ని గుణింతాలు తారుమారవుతాయి. ‘బుగత’ ‘గుంట’ లాంటివి తేలిగ్గానే దాటుతాయి గానీ, నిఘంటువులో లేని మాట చెడిపోతే అది తప్పని మీకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ పని మనవడికి వదిలేయకండి. మిగిలిపోయినవి కొత్తగా టైపు చేయాలంటే, 2019 మే అప్‌డేట్ నుంచి విండోస్ 10లో తెలుగు ఫొనెటిక్ కీబోర్డు (పలికినట్టు ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే తెలుగు వచ్చేది) ఉంది.

ఇక మనవడికి నా మాటగా ఇవి చెప్పండి. యూనికోడ్ అక్షరాలను బ్రౌజర్ సరిగా చదవాలంటే పేజీ కోడ్ తలభాగంలో క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్-8 అని ఉండాలి. భాష దగ్గర తెలుగు అని చెప్పే ‘టీఈ’ సంకేతం రాయాలి, చూపులేనివారికి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ దాన్ని బట్టే గొంతు మారుస్తుంది. గూగుల్ ఫాంట్స్‌లో నోటో సాన్స్ తెలుగు, మండలి, ఎన్‌టీఆర్, రామభద్ర ఉచితంగా దొరుకుతాయి. రామభద్ర శీర్షికలకే బాగుంటుంది. వరుసల మధ్య ఎడం (సీఎస్‌ఎస్‌లో లైన్-హైట్) 1.7 పెట్టమనండి. ఇంగ్లిష్‌కి సరిపోయే ఎడం పెడితే ‘రాష్ట్రం’ కింది వత్తు వచ్చి కింది వరుసలోని గుడిని తాకుతుంది. రెండు అంచులూ సమంగా ఉండేలా జస్టిఫై చేయొద్దు. మన మాటలు పొడుగు, ఫోన్ తెర మీద మధ్యలో పెద్ద ఖాళీలు పడతాయి.

ఈ పని దయచేసి వాయిదా వేయకండి. ఆ పాత సీడీ ఇవాళ తెరుచుకుంది, వచ్చే ఏడాది తెరుచుకుంటుందన్న హామీ లేదు. మార్చిన ఫైలును మామూలు టెక్స్ట్ రూపంలో రెండు చోట్ల దాచండి.

ప్రశ్న: సీతమ్మధారలో టైలరింగ్ చేస్తాను. డొమైన్ పేరు (సైటు చిరునామా) మొదటి ఏడాది 99 రూపాయలే అని ప్రకటన చూశాను. తీసుకోవచ్చా? సైటు చేసే అబ్బాయి తనే కొనిపెడతానంటున్నాడు.

జవాబు: రెండో ఏడాది ఎంతో చూసి తీసుకోండి. ఆ ధర అదే పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది, మొదటి ఏడాదికి చాలా రెట్లు ఉండొచ్చు. కొనేది మాత్రం మీరే, మీ ఈమెయిల్‌తో, మీ ఫోన్ నంబరుతో. నా మొదటి సైటు పేరును స్నేహితుడి ఈమెయిల్‌తో రిజిస్టర్ చేయించాను. అతను ఉద్యోగం మారాడు, ఆ మెయిల్ చూడటం మానేశాడు, గడువు హెచ్చరికలన్నీ దానికే వెళ్లాయి. నాకు తెలిసేసరికి ఆ పేరు వేరే ఎవరో కొనేశారు. అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకోండి, కార్డు వివరాలు మీరే కొట్టండి, పాస్‌వర్డ్ మీ కొలతల పుస్తకం చివరి పేజీలో రాసి భద్రంగా దాచుకోండి.